పసుపు గుడ్డలో హంతకుడు

మా బాపు మగ్గం గుంటలో కూర్చుంటే ఎదురుగా రాట్నం ముందు నేను కూర్చునేదాన్ని. కుడి చెయ్యి రాట్నం తిప్పాలి, ఎడమ చెయ్యి నూలు పట్టాలి, కండె నిండాలి. పుస్తకం పట్టుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు కనుక కాళ్లు వాడుకున్నాను. పుస్తకాన్ని నేల మీద పరిచి, రెండు బొటనవేళ్లతో రెండు అంచులూ తొక్కిపట్టి చదివేదాన్ని. పేజీ తిప్పడం కూడా వేలితోనే. తిరుమలగిరి చుట్టుపక్కల అంత నాజూకుగా పేజీ తిప్పే కాలు మరొకటి లేదని ఇప్పటికీ పందెం కాస్తాను.

అంగడి నాడు చింతపండు అమ్మే ఆయన పక్కన ఒక ముసలాయన గోనె పరిచి పాత పుస్తకాలు పెట్టేవాడు. అట్టలు ఊడినవి, మొదలు లేనివి, తుది లేనివి. బాపు వాటిలోంచి ఒకటి ఏరి తెచ్చేవాడు. అక్షరాలు నాకు ఆయనే నేర్పాడు, అయినా చదివే పని మాత్రం నాకే వదిలేశాడు.

"గా దొంగ దొరికిండా బిడ్డా?" అని మగ్గంలోంచి అడిగేవాడు.

"యాడ దొరికిండు బాపూ, గోడ దుంకిండు."

"దుంకనియ్యి, దుంకనియ్యి. నువ్వు చదువు."

కథలో రాక్షసుడు వస్తే బాపు నేత దెబ్బ గట్టిగా పడేది, రాజకుమారి ఏడిస్తే మెత్తగా పడేది. అట్లా నేసిన ధోవతి కొన్నవాళ్లు కళ్లు మూసుకుని బట్ట తడిమితే చాలు, కథ ఎక్కడ మలుపు తిరిగిందో తెలిసిపోయేదని నేను చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లున్నారు. నమ్మనివాళ్లకు ధోవతి చూపించాను.

చదివితే ఏం వస్తుందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆకలైతే తిన్నట్టు, నవ్వొస్తే నవ్వినట్టు చదివాను.

పందొమ్మిది వందల యాభైల నడుమ నన్ను చిట్యాల పక్కన ఒక నేతవాళ్ల ఇంటికి ఇచ్చారు. హైదరాబాదు నుంచి బెజవాడ పోయే పెద్ద రోడ్డు మీద లారీ పోతే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం రాట్నం ముందు కూర్చుని, అలవాటు ప్రకారం పుస్తకాన్ని కాళ్ల కింద పరిచాను. మా అత్త నీళ్ల బిందెతో లోపలికి వచ్చింది. బిందె కిందపడలేదు కానీ, అది పడ్డా అంత చప్పుడు అయ్యేది కాదు.

"వామ్మో వామ్మో! సరస్వతిని కాలితోని తొక్కుతవానే?"

పుస్తకం లాక్కుని కళ్లకద్దుకుంది. నా తరఫున ఇంకోసారి కూడా అద్దుకుంది.

"మీ బాపు గిదే నేర్పిండా?"

"బాపు కాదత్తా, రాట్నం నేర్పింది. చేతులు ఖాళీ లేకపాయె."

"నోరొక్కటి మాత్రం మస్తు ఖాళీగున్నది."

ఆమె ఆ పుస్తకాన్ని చింపి పొయ్యిలో పెట్టి ఉంటే బాగుండేది. పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, దొంగతనంగానైనా చదువుకునేదాన్ని. మా అత్త అంతకంటే పెద్ద పని చేసింది. నా చదువుకు దండం పెట్టింది. ఆడవాళ్లలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు ఆ వాడలో లేరు. ఇంట్లో ఇంత విద్య పెట్టుకుని కండెలు చుట్టించడం పాపమనుకుంది. పక్కింటి ఆమెకు జ్వరం తగ్గకపోతే, "మా కోడలు పారాయణం చేస్తది, తగ్గకపోతే అడుగు" అని మాట ఇచ్చి వచ్చింది.

పారాయణమంటే తెల్లవారకముందే తల మీద నీళ్లు పోసుకోవాలి. తడి చీరతో పీట మీద కూర్చోవాలి. పుస్తకం చెక్క వ్యాసపీఠం మీద ఉండాలి. పట్టిన అధ్యాయం మధ్యలో ఆపకూడదు, వెనక్కి తిప్పి చూడకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. చదివింది అర్థం కావాలని మాత్రం ఎవరూ అనలేదు. పక్కింటి ఆమె జ్వరం తగ్గింది. అదే నా కొంప ముంచింది.

ఆ తర్వాత వాడలో ఎవరికి ఏమొచ్చినా నేనే. కాన్పు కష్టమైతే నేను. బర్రె తప్పిపోతే నేను. అల్లుడు అలిగితే నేను. ఒకామె పిల్లి ఇంటికి రావడం లేదని పిలిచింది, పోయి చదివాను. మా ఇంట్లో పోగైన కొబ్బరి చిప్పలను దూలానికి కడితే దూలం వంగింది. ఆ కొబ్బరి తిని తిని మా ఇంటాయన జుట్టు ఉంగరాలు తిరిగిందని నేనంటే ఆయన ఒప్పుకోడు. చదువుతూ చదువుతూ ఒకసారి నేను నిద్రపోయాను కూడా. నోరు ఆగలేదు. మెలకువ వచ్చేసరికి అధ్యాయం అయిపోయింది, ఆడవాళ్లు నా కాళ్లకు పసుపు రాస్తున్నారు.

ఇట్లా కొన్నేళ్లు పోయాక మా ఇంటాయన నల్గొండ నుంచి వస్తూ నూలు కట్టల నడుమ దాచి ఒక కథల పుస్తకం తెచ్చాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నీకే" అని చేతిలో పెట్టి పోయాడు.

తెరిచాను. తెరవగానే నా నడుము దానంతట అది నిటారుగా అయింది. గొంతు సాగింది. ఊరి బయట వాన పడుతోందన్న మామూలు మాటను కూడా రాగం తీసి చదివాను. పేజీ చివరికి వచ్చాను. వాన ఎక్కడ పడిందో, తడిసింది ఎవరో చెప్పమంటే చెప్పలేను. మళ్లీ మొదటి నుంచి చదివాను. అక్షరాలు కంట్లోకి వచ్చి నోట్లోంచి పోతున్నాయి, నడుమ నేను లేను. ఇంకోసారి చదివే ఓపిక లేక మూసేశాను.

"ఎట్లున్నది?" అని మర్నాడు అడిగాడు.

"మంచిగున్నది" అన్నాను. నా జన్మలో నేను చెప్పిన అబద్ధాల్లో రుచి లేనిది అదొక్కటే.

ఆ తర్వాత నా కోసం నేను పుస్తకం తెరవలేదు. తెరవాలనిపించలేదు కూడా. కాలు విరిగినవాడికి నడవాలని ఉంటుంది, నాకు ఆ మాత్రం కోరిక కూడా మిగల్లేదు. అది పోయిందని కూడా చాలాకాలం తెలియలేదు.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం, గొర్లకాపరుల పల్లె నుంచి ఒక అవ్వ మా ఇంటికి వచ్చింది. చంకలో ఏదో మూట. దాన్ని చంటిపిల్లను దించినట్టు దించి, పసుపు గుడ్డ విప్పింది. లోపల ఇంకో గుడ్డ, దాని లోపల ఇంకోటి. అన్నిటి లోపల ఒక పుస్తకం. అట్ట లేదు. పైన ఎండిన కుంకుమ దళసరిగా పేరుకుపోయి మొదటి పేజీ కనిపించడం లేదు.

"గొర్ల నోళ్లు పుండ్లు పడ్డయి బిడ్డా. మేత ముడ్తలేవు. మా పల్లెకొచ్చి గీ పుస్తకం జర చదివి పో. నీ కాల్మొక్త" అంది.

"ఎక్కడిదవ్వా ఇది?"

"మా ముసలాయన నందికొండ కాడ ఆనకట్ట కడ్తాంటె రాళ్లు మొయ్య పోయిండు. అక్కడ ఎవలో దొర చెట్టు కింద మర్సిపోయిండట. అక్షరాలున్నయని కండ్లకద్దుకోని తెచ్చిండు. ఆయన జరమొచ్చి పోయిండు. నేను ప్రతి శుక్రవారం బొట్టు వెట్టి మొక్కుతున్న. చదివెటోళ్లే దొరకలే."

మా అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. "వస్తది, నేను గూడ వస్త" అని నా మాట కూడా ఆమే ఇచ్చేసింది.

గొర్రెల దొడ్డి పక్కన వేపచెట్టు నీడలో గొంగడి పరిచి, దాని మీద పీట వేశారు. ఊదువత్తులు వెలిగించారు. పల్లె పల్లెంతా వచ్చి చేతులు జోడించి కూర్చుంది. దొడ్డి చుట్టూ వేసిన ముళ్లకంపకు ఆవల గొర్రెలు. నేను గొంతు సవరించుకుని, కుంకుమను గోటితో గీకి, మొదటి వాక్యం కళ్లతో చూశాను.

బంగళాలో గుమస్తా బోర్లా పడి ఉన్నాడు. వీపులో కత్తి.

రెండో వాక్యం చూశాను. బల్ల మీద టీ చల్లారిపోయింది, మంచం కింద ఒంటి చెవికమ్మ దొరికింది. ఎక్కడా స్వామి లేడు, మునీశ్వరుడు లేడు. అది అపరాధ పరిశోధన పుస్తకం. అవ్వ ఇన్నేళ్లూ బొట్టు పెట్టింది ఒక హత్యకు.

తల ఎత్తాను. అవ్వ నా నోటి వైపు చూస్తోంది. వానకు ఎదురుచూసే చేను అట్లా ఉంటుంది. ఆ ముఖానికి నేను ఏం చెప్పాలి? చదివాను.

"బంగళాలోనా... గుమస్తా... బోర్లా పడి ఉన్నాడూ... వీపులో కత్తీ..."

"గోవిందా!" అన్నారందరూ.

తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉందని చదివితే గంట కొట్టారు. చల్లారిన టీ దగ్గర ఒకామె చెంపలు వేసుకుంది. మా అత్త మెల్లగా నా వైపు వంగింది.

"దేవుడెప్పుడొస్తడే?"

"వస్తడత్తా. గిప్పుడైతే పోలీసోళ్లొచ్చిండ్రు."

"పోలీసోళ్లా?"

"యముని తరఫోళ్లనుకో."

అధ్యాయం ఇంకా నడుస్తూనే ఉంది. గడియ లోపలి నుంచి ఉంటే పొడిచినవాడు బయటికి ఎట్లా పోయాడు? వంటామె చెవులు ఎప్పుడూ బోసిగానే ఉంటాయట, మరి ఆ కమ్మ ఎవరిది? నా నోరు ఈ పేజీ చదువుతుంటే నా కన్ను అవతలి పేజీ మీదికి దొంగతనంగా పోయింది. ఊదువత్తి బూడిద చేతి మీద పడినా చూసుకోలేదు. రాగం ఎప్పుడో జారిపోయింది. పీట మీంచి కూడా జారిపోయాను. మోకాళ్లు ముడుచుకుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మామూలు గొంతుతో గబగబా చదువుతున్నాను. నడుమ ఒక చోట నవ్వొచ్చింది. నవ్వాను. ఎవరూ చచ్చిపోలేదు.

ఇన్నేళ్లలో మొదటిసారి, తర్వాత ఏమవుతుందో నాకు కావాలి. గొర్రెల కోసం కాదు. అత్త కోసం కాదు. నాకు కావాలి.

అధ్యాయం ముగించి పుస్తకం మూస్తుంటే వెనక నుంచి ఒక కాపరి అన్నాడు, "ఆ కమ్మ వంటామెదే. రాసుకోండ్రి."

"నీ మొగం. ఆమెకు చెవులే గుట్టలేదని ఇందాకనే చదువలేదా?" అంది అతని భార్య.

"మరి గడియ ఎవలు వెట్టిండ్రే? దయ్యమా?"

కంప మీద మెడ పెట్టి ఒక పొట్టేలు కూడా గుడ్లప్పగించి వింది. హంతకుడెవరో దానికి నాకంటే ముందే తెలుసని ఇప్పటికీ నా నమ్మకం.

రెండో రోజు మధ్యాహ్నం పక్క పల్లె వాళ్లు కూడా వచ్చారు. కానీ అప్పటికే మా అత్త ఇంటి దగ్గర ఎవరినో అడిగిందట, పురాణాల్లో పోలీసులు ఏ యుగం నుంచి ఉన్నారని. ఆ మాట మా బావ చెవిన పడింది. బావ అంటే మా ఇంటాయనకు అన్న. పట్నంలో నాలుగు తరగతులు ఎక్కువ చదివినవాడు, పుస్తకమంటే పరీక్షకో పుణ్యానికో తప్ప లేదనుకునేవాడు. మా వైపు తమ్ముని భార్యతో బావ నేరుగా మాట్లాడడు, ఆమె కూడా మాట్లాడదు. నడుమ ఎవరో ఒకరు ఉండాలి. మేము మా అత్తను గోడలాగా వాడుకునేవాళ్లం.

నేను మంచి పట్టులో ఉన్నాను. డిటెక్టివు చెవికమ్మను జేబులోంచి తీసి అందరి ముందూ పెడుతున్నాడు. సైకిల్ కంపకు ఆనించి బావ వచ్చాడు, నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. రెండు పేజీలు చూశాడు.

"అమ్మా! నీ కోడలు చదివేది ఖూనీ కథనే! దీని ముందట కొబ్బరికాయలు కొడ్తుండ్రు మీరు!"

మా అత్త చేతిలోని కొబ్బరి చిప్పను కొంగు కిందికి జరిపింది.

"నీ కోడలుకు చెప్పు, లేచి ఇంటికి నడువమని. ఇగ పుస్తకం ముడితే బాగుండదని చెప్పు. తెలిసి చదివిందంటే ఎంత పొగరు!"

అంతవరకు నేను అదృష్టవంతురాలిని. లేచి తల దించుకుని పోతే మర్నాటికి అందరూ మరిచిపోయేవారు. కానీ ఆ కమ్మ ఎవరిదో ఆయన చేతిలో ఉంది. ఇంకో పేజీ తిప్పితే తెలుస్తుంది. ఈ రుచి పోయి ఎన్నేళ్లయిందో, ఇప్పుడు వదిలితే మళ్లీ రాదని నాకు గట్టిగా అనిపించింది. గోడను దాటాను.

"బావా, పుస్తకం ఇటియ్యి."

నేను నేరుగా మాట్లాడేసరికి ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. నా గొంతు తనతో మాట్లాడగా ఆయన వినడం అదే మొదలు.

"తెలిసే చదివిన. బుద్ధి ఉండే చదివిన. ఇన్నేండ్లు అర్థంగాకుంట చదివితే అందరు దండం పెట్టిండ్రు, అర్థమై చదివితె పొగరా? ఇటియ్యి."

"అమ్మా, దీని నోరు చూడు!"

"అమ్మనెందుకు పిలుస్తవు? నాతోనే మాట్లాడు. నేను ఈడనే ఉన్న."

అప్పుడు అవ్వ లేచింది. ఆమెకు నిజం ఇట్లా తెలియడం నాకు మాత్రం ఇష్టం లేదు. ఆమె నడుము పూర్తిగా నిలబడదు, వంగిన మనిషే బావ ముందుకు నడిచింది.

"అండ్ల దేవుడు లేడా అయ్యా?"

"లేడవ్వా! దొంగలు, ఖూనీకోర్లు!"

"మా ముసలాయన అంత దూరంకెల్లి మోసుకొచ్చిండు. అండ్ల ఏమున్నదో ఆయనకు తెల్వకనే పోయిండు. నేను గూడ తెల్వకనే పోతుంటి. ఇన్నేండ్లకు గీ బిడ్డ చెప్తాంది. దేవుడుంటె దేవుని కత, దొంగలుంటె దొంగల కత. నడుమ నువ్వెవ్వనివయ్యా ఆపెటానికి?" చెయ్యి చాపింది. "నాది నాకియ్యి."

బావ పుస్తకాన్ని గొంగడి మీద పడేశాడు. "మీ గొర్లు సస్తే నన్నడుగొద్దు" అని సైకిల్ ఎక్కాడు. మా అత్త తన కొడుకు వెనక పోతుందనుకున్నాను. రెండడుగులు వేసింది. ఆగింది. వచ్చి నా పక్కన కూర్చుని, ముఖం మాత్రం అటు తిప్పుకుంది.

"కానియ్యి. ఆ కమ్మ సంగతేందో" అంది చెట్టుతో చెప్పినట్టు.

కమ్మ గుమస్తా చనిపోయిన భార్యది. చంపింది శవాన్ని చూడ్డానికి వచ్చిన డాక్టరు. తలుపు పగలగొట్టినప్పుడు గడియ లోపలే ఉందని అరిచి అబద్ధం చెప్పింది కూడా ఆయనే. పల్లె పల్లెంతా డాక్టరును తిట్టింది. అవ్వ మాత్రం, "టీ చల్లారిందని మొదట్లనే చెప్పిండ్రు గద, పానం పోయి చానాసేపైనట్టే. వచ్చిన డాక్టరు పానం ఇప్పుడే పోయిందన్నప్పుడే నాకు అనుమానం గొట్టింది" అని మీసం లేని చోట మెలేసుకున్నంత పని చేసింది.

గొర్రెలంటారా, కొన్ని చచ్చాయి, చాలా బతికాయి. రోగం తన దారిన తను పోయింది. చచ్చినవాటిని బావ లెక్కపెట్టుకున్నాడు, బతికినవాటిని అవ్వ. పుస్తకం ఒక్కసారి ఇంటికి ఇమ్మని అడిగితే అవ్వ ఇవ్వలేదు. మళ్లీ గుడ్డ మీద గుడ్డ చుట్టేసింది. ఏమున్నదో తెలిశాక మూటను ఇంకా గట్టిగా కట్టింది.

ఇంట్లో బావ ఆజ్ఞ వేశాడు, ఇకమీదట ఈమెతో ఎవరూ పారాయణం చేయించవద్దని. ఆయన వద్దన్నాడని కాదు, అడిగినా నేను చేయను. ఆ సంగతి ఆయనకు అర్థం కాలేదు, శిక్ష వేశానని సంతోషపడ్డాడు.

ఒక రోజు మా ఇంటాయనతో బస్సెక్కి నల్గొండ పోయాను. గ్రంథాలయంలో బల్ల వెనక ఒక పెద్దమనిషి కళ్లద్దాల మీదుగా చూశాడు.

"ఏ పరీక్షకమ్మా?"

"పరీక్షకు కాదు."

"వ్రతానికా? నీతి పుస్తకాలు ఆ పక్కనున్నాయి."

"పుణ్యం రానిది కావాలె. దేనికీ పనికిరానిది ఇయ్యుండ్రి."

ఆయన మా ఇంటాయన వైపు చూశాడు. మా ఇంటాయన గోడ వైపు చూశాడు. పెద్దమనిషి లోపలికి పోయి దుమ్ము దులుపుతూ ఒక నవల తెచ్చి ఇచ్చాడు, ఇస్తున్నప్పుడు మూతి మూలన చిన్న నవ్వు. ఆ మనిషి కూడా బల్ల కింద అలాంటిదే పెట్టుకుని చదువుతాడని నేను ఒట్టేసి చెప్పగలను. చూశానని కాదు, నాకు తెలుసు.

ఆ నవలను మర్నాడు పొద్దున్నే, తల మీద నీళ్లు పోసుకోకుండా, అరుగు మీద కూర్చుని, వేయించిన పల్లీలు నములుతూ చదివాను. బజారు బజారంతా చూడాలనే అక్కడ కూర్చున్నాను. నోరు మెదపకుండా చదివాను. అదే అందరికీ వింతైంది. ఎదురింటి ఆమె చీపురు పట్టుకుని ఆగిపోయింది.

"ఏం మొక్కు వదినా?"

"మొక్కు లేదు."

"మరెందుకు చదువుతున్నవు?"

"ఊకనే."

నమ్మలేదు. నేను ఎవరికీ వినపడకుండా ఏదో కఠినమైన దీక్ష పట్టానని, పల్లీలు కూడా దాంట్లో భాగమేనని మధ్యాహ్నానికి వాడంతా అనుకుంది. మర్నాడు అరుగు మీద ఎవరో మందారాలు పెట్టిపోయారు. ఊడ్చేశాను. ఆ మర్నాడు బంతిపూలు పెట్టారు. అవీ ఊడ్చేశాను. బావ సైకిల్ మీద పోతూ, "అమ్మా, నీ కోడలు బజార్ల కూసున్నది, చెప్పు" అని అరిచాడు. మా అత్త వినబడనట్టు చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది. నేను పేజీ తిప్పాను.

మూడో వాడ నుంచి ఒకామె కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. కోడలికి నెలలు నిండాయట, పారాయణం చేస్తే సుఖంగా కాన్పవుతుందట. బావ ఆజ్ఞ ఆమెకు తెలియదు, తెలిసినా లెక్కచేసే మనిషిలా లేదు.

"దవాఖానకు తోల్కపో అక్కా, అక్కడ మంచి నర్సమ్మ ఉన్నది. నేను చదువను" అన్నాను తల ఎత్తి.

ఆమె కదల్లేదు. నేను తల దించుకున్నాను. నవలలో వరద వచ్చింది, పడవ తిరగబడేటట్టుంది. కాసేపటికి మా అత్త గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఆమె నిలవడే ఉన్నదే. ఏం జెప్పాలె?"

"చదువుకుంటున్నదని చెప్పత్తా."

"ఎప్పుడైతదంటది?"

"చెప్పలేను. ఇది అయినంక ఇంకోటున్నది."